తిప్పని అరచుట్టు

గురి తప్పినవాళ్ళు ముందుగా తిట్టేది ట్రిగ్గర్‌ని. చెయ్యి వణికినా ట్రిగ్గరే, నిద్ర చాలకపోయినా ట్రిగ్గరే, మొగుడితో పోట్లాడి వచ్చినా ట్రిగ్గరే. మా క్లబ్బులో ఇన్నేళ్ళుగా పిస్తోలు నేర్పుతున్నాను, "తప్పు నా వేలిదే మాస్టారూ" అన్న మహానుభావుణ్ణి ఇంతవరకూ చూడలేదు. అందుకే శుక్రవారం సాయంత్రం, పోటీ కోసం నోవి సాద్ నగరానికి వచ్చాక, విష్న్యా నా దగ్గరికొచ్చి ట్రిగ్గర్ మీద చాడీలు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండింది.

"బాబాయ్, ఇది నాకంటే ముందే పోతోంది. నేను ఇంకా నొక్కనేలేదు, టప్‌మంటోంది."

"అది పోవడం లేదే. నీ బుర్ర పోతోంది."

"నిజం బాబాయ్. కొంచెం బరువు పెంచు. నీకు దణ్ణం పెడతాను."

విష్న్యా మా ఊళ్ళో, మొరావా నది వంతెన పక్కన ఉన్న రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. నేను బడిలో వ్యాయామం మాస్టారుగా ఉన్నప్పుడు రెండు జడల పిల్ల. గోడకి బంతి విసిరి ఒకే చోట కొట్టడం చూసి నేనే తీసుకెళ్ళి చేతిలో పిస్తోలు పెట్టాను. తెల్లారకముందే లేచి పిండి పిసికి, మధ్యాహ్నం కాస్త కునుకు తీసి, సాయంత్రం క్లబ్బుకి వస్తుంది. మర్నాడు నోవి సాద్‌లో ఎంపిక పోటీ. మొదటి ముగ్గురికి జాతీయ జట్టులో చోటు, ఆ తర్వాత యూరప్ పోటీలు. కిందటేడు ఒక్క పాయింటులో పోయింది. ఈసారీ రాకపోతే ఇంక మానేస్తానని వాళ్ళ అమ్మకి మాటిచ్చేసి మరీ బయల్దేరింది. అది మాటంటే మాటే. నాకు తెలుసు.

పిస్తోలుకి ఏ లోపమూ లేదు. ఆ మధ్యాహ్నమే అధికారులు పరీక్షించి కాగితం ముక్క అంటించి ఇచ్చారు. గాలి పిస్తోలు ట్రిగ్గర్ కనీసం అరకిలో బరువు మొయ్యాలి. అంతకంటే తేలికైతే ఒప్పుకోరు. మా వాళ్ళందరూ ఆ గీతకి వెంట్రుకవాసి పైన పెట్టుకుంటారు, విష్న్యాదీ అంతే. ఏడాదిగా ఆ బరువుతోనే కాలుస్తోంది. ఎంపిక పోటీ ముందురోజు దాన్ని మార్చడమంటే, పెళ్ళికి వెళ్తూ దారిలో కొత్త చెప్పులు కొనుక్కోవడం లాంటిది.

ట్రిగ్గర్ సర్దడానికి మా క్లబ్బులో ఒక వరస ఉంది. ఎప్పుడో ఒక సభ్యుడు ఎవరికీ చెప్పకుండా తన ట్రిగ్గర్‌ని మరీ పల్చన చేసుకున్నాడు. బల్ల మీద పెట్టగానే దానంతటది పేలి, రేకు పొయ్యికి చిల్లు పెట్టింది. పొయ్యి దగ్గర మా ఆవిడ కాఫీ కాస్తోంది. ఆ రోజు ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అప్పట్నుంచీ ఇదే పద్ధతి. ముందు గాలి సిలిండర్ ఊడదీయాలి. లోపల గుండు లేదని తెలిసేలా గొట్టంలోంచి నారింజరంగు తాడు ఈ చివర నుంచి ఆ చివరకి కనబడాలి. పిస్తోలు సొంతదారే పట్టుకోవాలి, గొట్టం గోడవైపు. రెండో మనిషి స్క్రూ తిప్పుతూ ఎంత, ఎటు అని పైకి చెప్పాలి, సొంతదారు ఆ మాట తిరిగి అనాలి. తర్వాత ట్రిగ్గర్ ఎక్కుపెట్టి, పిడి మీద కొయ్య సుత్తితో తట్టి, దానంతటది పడిపోవడం లేదని చూసుకోవాలి. ఆఖర్న ఇత్తడి తూకపురాయిని ట్రిగ్గర్‌కి తగిలించి పిస్తోలు లేపాలి; ట్రిగ్గర్ పడకుండా రాయి లేస్తే బరువు సరిపోయినట్టు. అరకిలో రాయి అది, పైన వేసుకోవడానికి పల్చటి బిళ్ళలు కూడా ఉంటాయి. బరువు పెంచితే ఒక బిళ్ళ వేసి లేపి చూడాలి. ఇందులో ఏది తప్పినా ఆ రోజు క్లబ్బులో ఎవరికీ కాఫీ లేదు. ఆ రూలు మా ఆవిడది. ఆవిడ పోయాక కూడా మేం తప్పలేదు.

"సరే, పట్టు," అన్నాను.

విష్న్యా సిలిండర్ ఊడదీసింది, తాడు దూర్చింది, పిస్తోలు పట్టుకుంది. నేను దీపం వెలుతురు కోసమన్నట్టు వంగి, నా భుజం ఆమెకి అడ్డం వచ్చేలా నిలబడ్డాను. అలెన్‌కీని స్క్రూలో పెట్టి కుడికి కాస్త అన్నాను, మళ్ళీ అంతే ఎడమకి అన్నాను. స్క్రూ ఉన్నచోటే ఉంది.

"అరచుట్టు, కుడికి."

"అరచుట్టు, కుడికి," అంది విష్న్యా.

నేర్పేవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. పిల్లకి జ్వరం లేకపోయినా నుదుటి మీద తడిగుడ్డ వేస్తే ఊరుకుంటుంది చూడండి, అలాంటిది. నేనూ అంతకుముందు చేశాను. సుత్తితో తట్టాం, ట్రిగ్గర్ పడలేదు. అప్పుడు విష్న్యా రాయి అడిగింది. బిళ్ళ వేసి లేపితే నా గుట్టు బయటపడిపోతుంది.

"ఇంట్లో మర్చిపోయాను," అన్నాను. రాయి నా కోటు జేబులోనే ఉంది.

ఆ సాయంత్రం సాధనలో విష్న్యా కాల్చిన తీరు చూడాలి. నల్లచుక్క మధ్యలో ఒకదాని మీద ఒకటి. మా క్లబ్బు వ్యాను నడిపే జివోయిన్, మామూలు రోజుల్లో సిటీ బస్సు డ్రైవరు, తనూ ఎప్పుడూ చివరినుంచి రెండో మూడో స్థానంలో ఉండే షూటరే, చూసి ఈల వేశాడు.

"ఏం మందు పెట్టారు మాస్టారూ? నాక్కూడా ఒక చుక్క పొయ్యండి."

"నీకు మందు కాదురా, కళ్ళజోడు కావాలి."

నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పొద్దున హోటల్లో ఫలహారం దగ్గర విష్న్యా బురెక్ పొరల రొట్టె తుంచి పళ్ళెంలోనే పెట్టి, తినకుండా కూర్చుంది. ఇక్కడి బురెక్‌లో నూనె ఎక్కువ, మాది నయం అని కాస్త సణిగింది. తర్వాత అటూ ఇటూ చూసి అడిగింది.

"బాబాయ్, రాయి నిజంగానే తేలేదా? ఒకసారి సంచీలో చూడు."

"చెప్పాను కదే, ఇంట్లో ఉండిపోయిందని. నిన్న కాగితం అంటించారు కదా, ఇంకా ఎందుకు? తిను."

"ఊరికే అడిగానులే," అంది.

నేను తల ఎత్తలేదు. నిన్నటి అబద్ధానికి ఇవాళ కాపలా కాయాలి కదా. కోటు కుర్చీ వీపుకి తగిలించి ఉంది, జేబు బరువుకి ఒక పక్కకి వాలిపోయి. దాన్ని చూసుకుని, కుర్చీ కాస్త నావైపు జరుపుకున్నాను.

పోటీ జరిగే హాల్లో ఒక మూల పరీక్ష బల్ల ఉంటుంది. దాని దగ్గర దేసంకా కూర్చుంటుంది. మా ఇద్దరికీ పాతికేళ్ళ పరిచయం, తను కాల్చే రోజుల్నుంచీ. ఇప్పుడు పోటీలకి పరికరాలు తనిఖీ చేస్తుంది. పోటీకి ముందు ఎవరైనా వెళ్ళి ఆ బల్ల మీది రాయితో తమ ట్రిగ్గర్ చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నేను ఎప్పట్లాగే అక్కడే కుర్చీ వేసుకుని దేసంకా ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చున్నాను. విష్న్యా రెండుసార్లు మావైపు వచ్చి, నన్ను చూసి చెయ్యూపి వెనక్కి వెళ్ళిపోయింది. భయం కాబోలు అనుకున్నాను. నేనూ చెయ్యూపాను.

తర్వాత కాల్చింది. ఏం చెప్పను. మెల్లగా మొదలెట్టి, సగం అయ్యేసరికి పైకొచ్చి, చివరికి రెండోస్థానంలో నిలబడింది. జివోయిన్ నన్ను వాటేసుకుని గడ్డంతో నా బుగ్గ గీరేశాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. తిప్పకుండా తిప్పిన అరచుట్టు పిల్లని జట్టులోకి తెచ్చిందని నాలో నేనే మురిసిపోయాను కూడా. నా అంత గాడిద ఇంకోడు ఉండడు.

పోటీ అయ్యాక చీటీలు తీసి కొందరి పిస్తోళ్ళు మళ్ళీ పరీక్షిస్తారు. విష్న్యా పేరు వచ్చింది. నాకేం కంగారు లేదు, అది నిన్న నెగ్గిన పిస్తోలే.

దేసంకా రాయిని బల్ల మీద పెట్టి, కొక్కేన్ని ట్రిగ్గర్‌కి తగిలించి, గొట్టం పైకి ఉండేలా పిస్తోలు పట్టుకుని మెల్లగా లేపింది. టిక్. ట్రిగ్గర్ పడిపోయింది. రాయి బల్ల మీదే ఉంది. మళ్ళీ ఎక్కుపెట్టి లేపింది. టిక్. మూడుసార్లు అవకాశం ఇస్తారు. మూడోసారి లేపేముందు దేసంకా కొక్కేన్ని మళ్ళీ సరిచూసుకుంది, పాపం తనకీ ఇష్టంలేదు. రాయి లేవలేదు.

"ఇంక నా చేతిలో లేదమ్మా," అంది దేసంకా మెల్లగా. బోర్డు మీద రెండో వరసలో విష్న్యా పేరు కొట్టేశారు.

చుట్టూ చేరినవాళ్ళలో ఎవడో నవ్వాడు. "రొట్టెల దుకాణంలో కూడా ఇదే తూకమా?" అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. విష్న్యా తల దించుకుని పిస్తోలు పెట్టెలో పెట్టుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. వసారాలో గోడకి ఆనుకుని నిలబడింది. మొహం పిండిలా తెల్లగా ఉంది.

"నేనే బాబాయ్," అంది. "నేనే తిప్పాను."

"ఏం తిప్పావ్?"

"పొద్దున గదిలో ఖాళీ పిస్తోలుతో వేలు సరిచూసుకుంటుంటే ట్రిగ్గర్ కదిలితే ఒట్టు. బండలా ఉంది. నువ్వు పెంచిన అరచుట్టు మరీ ఎక్కువైందనుకున్నా. నీతో చెబితే, నిన్న పెంచమన్నావు ఇవాళ తగ్గించమంటావా అని నలుగురిలో తిడతావు. నీ నోటికి భయపడి నేనే చేసుకున్నాను. అన్నీ వరసగానే చేశాను బాబాయ్. సిలిండర్ తీశాను, తాడు పెట్టాను, గోడవైపు పట్టుకున్నాను. పైకి కూడా చెప్పాను, అరచుట్టు ఎడమకి అని. ఒక్కదాన్నే అయినా రెండుసార్లు చెప్పాను. సుత్తి లేకపోతే చెప్పు మడమతో తట్టాను. నిన్న నువ్వెంత తిప్పావో అంతే వెనక్కి తిప్పాను, అంటే కాగితం అంటించినప్పటి చోటికే రావాలి కదా. ఎలా తగ్గిందో అర్థంకావడం లేదు. రాయి ఉంటే చూసుకునేదాన్ని. దేసంకా బల్ల దగ్గరికి వద్దామంటే నువ్వక్కడే కాఫీ తాగుతున్నావు."

నాకప్పుడు అర్థమైంది. నేను తిప్పానని నమ్మిన అరచుట్టు వెనక్కి తిప్పింది. నేను తిప్పి ఉంటే అది సరిగ్గా ఉండాల్సిన చోటికి వచ్చేది. నేను తిప్పలేదు గనక గీత కిందకి పోయింది. చూసుకోవడానికి రాయి అడిగితే నేను జేబులో పెట్టుకుని తిరిగాను. పిల్ల చేసిన తప్పల్లా నా మాట నమ్మడం.

అప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది.

"నాతో ఒక్కమాట అనొద్దుటే?"

ఆ మాట అన్నందుకు నా నాలుక కోసేసినా పాపంలేదు. విష్న్యా ఏడ్చేసింది. "క్షమించు బాబాయ్, నీ కష్టమంతా బూడిదలో పోశాను," అంది. నేను భుజం తట్టాను. తడుతుంటే కోటు జేబు గోడకి తగిలి చప్పుడైంది. పిల్ల గమనించలేదు. నేను మాత్రం దొంగలా జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

దేసంకా దగ్గరికి వెళ్ళాను. తన ఒక్కదాన్నే పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పాను. ఫ్లాస్కు మూత బిగిస్తూ విన్నది.

"రూలు ఎవరు తిప్పారని అడగదు, రాతోమిర్. రాయి లేచిందా లేదా అంతే."

"తెలుసు. కానీ పిల్లని అందరూ మోసగత్తె అంటున్నారు."

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావు? పాపాలు వినడానికి నేను చర్చిలో ఫాదర్నా? వెళ్ళి చెప్పాల్సిన చోట చెప్పు." ఫ్లాస్కు సంచీలో పెట్టేసింది. నాకు కాఫీ పొయ్యలేదు.

దారిలో జివోయిన్ వ్యాను నడుపుతూ రెండుమూడు జోకులు వేసి, ఎవరూ నవ్వకపోయేసరికి రేడియో పెట్టి, అదీ ఆపేశాడు. విష్న్యా వెనక సీట్లో కిటికీకి తల ఆనించి కూర్చుంది. నేను ముందు సీట్లో ఆ రాయిని జేబులోనే పిడికిట్లో పట్టుకుని ఉన్నాను. ఈ మలుపు తిరిగాక చెబుతాను, ఆ టోల్ గేటు దాటాక చెబుతాను అనుకుంటూ ఊరొచ్చేశాం. మనిషికి పిరికితనం వయసుతో తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

క్లబ్బులో జివోయిన్ అలవాటు కొద్దీ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. విష్న్యా తన అలమర తెరిచి లోపలివి సంచీలో వేసుకోవడం మొదలెట్టింది. కాల్చేటప్పుడు వేసుకునే బూట్లు, చెవులకి పెట్టుకునేవి, వాళ్ళ దుకాణం పేరున్న తువ్వాలు.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నాడు జివోయిన్.

"మానేస్తున్నా. మోసం చేసినదాన్ని పెట్టుకుంటే క్లబ్బు పరువేం కావాలి?"

నేను రాయి తీసి బల్ల మీద పెట్టాను. మెల్లగానే పెట్టాననుకున్నాను గానీ, ఇత్తడి కదా, గది గదంతా వినబడింది. బిళ్ళలు కూడా ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాను.

విష్న్యా తువ్వాలు పట్టుకుని అలాగే చూసింది. "ఇంట్లో మర్చిపోయానన్నావు."

"మర్చిపోలేదు. జేబులోనే ఉంది. నిన్నా, ఇవాళా." ఇంక ఆగితే మళ్ళీ చెప్పలేను, అందుకని గబగబా చెప్పేశాను. "నిన్న నేను స్క్రూ తిప్పలేదమ్మా. తిప్పినట్టు నటించాను. నువ్వు కాల్చింది పాత బరువుతోనే. నువ్వు వెనక్కి తిప్పిన అరచుట్టు గీత కిందకి వెళ్ళిపోయింది. నువ్వు మోసం చెయ్యలేదు. చేసింది నేను. వసారాలోనే తెలిసింది నాకు, అయినా నిన్ను ఏడవనిచ్చాను."

జివోయిన్ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. విష్న్యా వచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చుని రాయిని తనవైపు లాక్కుంది.

"ఇదే మొదటిసారా?" అంది.

"కాదు."

"కిందటేడు? ఆ ఒక్క పాయింటు పోయిన పోటీకి ముందు కూడా సర్దావు. అప్పుడు తిప్పావా?"

ఆలోచించాను. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. తిప్పానో, నటించానో. ఇన్నేళ్ళలో ఏది నిజమో ఏది కాదో నాకే తేడా తెలీకుండా పోయింది. అదే చెప్పాను.

విష్న్యా లేచి పెట్టెలోంచి పిస్తోలు తీసింది. సిలిండర్ ఊడదీసింది. నారింజరంగు తాడు దూర్చి రెండు చివరలూ నాకు చూపించింది. "పట్టుకో," అని నా చేతిలో పెట్టింది. నేను గోడవైపు పెట్టి పట్టుకున్నాను. తను అలెన్‌కీ తీసుకుని వంగింది.

"అరచుట్టు, కుడికి."

"అరచుట్టు, కుడికి," అన్నాను. 

ట్రిగ్గర్ ఎక్కుపెట్టి సుత్తితో పిడి మీద తట్టింది. పడలేదు. రాయి కొక్కెం తగిలించి, "లేపు," అంది. లేపాను. టిక్. రాయి బల్ల మీదే ఉంది.

"నేను తిప్పలేదు," అంది విష్న్యా. "నువ్వు నా చెయ్యి చూళ్ళేదు బాబాయ్. నా మొహం చూస్తున్నావు. నేనూ ఇన్నేళ్ళూ నీ మొహమే చూశాను."

 నేను ట్రిగ్గర్ నుంచి కొక్కెం తీసేశాను.

తర్వాత విష్న్యా పిస్తోలు నా చేతిలోంచి తీసుకుని, జివోయిన్‌ని పిలిచి పట్టుకోమంది. ఈసారి అతని కళ్ళ ముందే అరచుట్టు తిప్పింది. రాయి లేచింది. రాయినీ బిళ్ళల్నీ తువ్వాల్లో చుట్టి తన సంచీలో వేసుకుంది.

"మంగళవారం వస్తావా?" అన్నాను. అడిగే ముఖం లేకపోయినా అడిగాను.

విష్న్యా అలమర వైపు చూసింది. బూట్లు తీసి మళ్ళీ లోపల పెట్టింది. "వస్తాను," అంది. "రాయి నా దగ్గరే ఉంటుంది. స్క్రూ నువ్వు ముట్టుకోవద్దు."

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పొయ్యి మీద కాఫీ పొంగుకొస్తోంది. జివోయిన్ నా వైపు ఒకసారి చూసి, గిన్నె దించి, కాఫీ తొట్టిలో పారబోశాడు.